ఆధారపడినవారి గడి

అప్పు అడగడానికి కూడా ఇంత చదువు చదవాలని నలభై రెండేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. చేతిలో డబ్బు లేనివాడు అప్పు అడుగుతాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదట. డబ్బుకి లోటే లేనట్టు మూడు నెలలపాటు కనిపించినవాడికే బాంకు అప్పిస్తుందట. ఈ జ్ఞానోదయం మాకు కలిగించినవాడు లోన్ ఏజెంటు. కంటబడ్డ ప్రతి కాగితానికీ "రెండు జిరాక్సులు తీయించన్నా" అనేవాడు కాబట్టి మా పాప అతనికి జిరాక్సు మామయ్య అని పేరు పెట్టింది. అసలు పేరు అతనిచ్చిన కార్డు మీద ఉండేది గానీ, మా ఇంట్లో ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. మేం అద్దెకున్నది ఒక గది, ఒక వంటిల్లు, ముందు రేకులు కప్పిన వసారా. గదిలో నేనూ, మా ఆవిడా, ఎనిమిదేళ్ళ పాపా. వసారాలో మడతమంచం మీద మా అక్క. జల్లు కొట్టిందంటే మంచం ఎత్తుకుని వంటింట్లోకి వచ్చేది. అక్కడ మంచం పరిస్తే కాళ్ళు గ్యాస్ సిలిండరుకి తగిలేవి. పొద్దున్నే మా ఆవిడ పొయ్యి వెలిగించాలంటే అక్క లేచి మంచం మడవాలి. "నాకు అలారం ఖర్చు లేదురా" అని నవ్వేది అక్క. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నేను లిఫ్టు మెకానిక్కునయ్యానంటే ఆ చదువుకి కట్టిన ఫీజంతా బట్టల ఫ్యాక్టరీలో అక్క చేసిన ఓవర్‌టైమే. పెళ్ళి ఊసెత్తితే "నీ చదువు కానీ" అనేది. నా చదువయ్యేసరికి ఆ ఊసెత్తేవాళ్ళే లేకపోయారు. ఇరవై మూడేళ్ళు చెకింగ్ బల్ల దగ్గర నిలబడి, తయారైన చొక్కాలు తిరగేసి చూడటం ఆవిడ పని. కళ్ళు మసకబారాక ఫ్యాక్టరీవాళ్ళు ఓ దండం పెట్టి పంపించేశారు. అప్పట్నుంచీ, అంటే తొమ్మిదేళ్ళ నుంచీ, మాతోనే ఉంది.

ఆ వానాకాలంలోనే ఒక కొత్త బిల్డింగులో లిఫ్టు బిగించడానికి వెళ్ళి మూడో అంతస్తులో ఆ ఫ్లాటు చూశాను. రెండు పడగ్గదులు, వాటి పక్కన ఇంకో చిన్న గది. బిల్డరు దాన్ని సామాన్ల గది అన్నాడు గానీ దానికి పెద్ద కిటికీ ఉంది. ఒక మంచం, ఒక బీరువా పడతాయి. తలుపుంది, తలుపుకి లోపల గడియ కూడా ఉంది. ఎవరూ చూడకుండా ఆ గడియ మూడుసార్లు వేసి తీశాను. మా అక్క పుట్టి బుద్ధెరిగాక తలుపేసుకుని పడుకున్నది ఒక్కరోజు కూడా లేదు. ఈ గది అక్కకివ్వాలి, ఏం చేసైనా సరే ఇవ్వాలి, అనుకున్నాను ఆ పూట. ఏం చేసైనా అన్న మాట అంత తేలిగ్గా అనుకోకూడదని అప్పుడు తోచలేదు.

అది మొదలు జిరాక్సు ఎలా ఆడిస్తే అలా ఆడాం. ఫ్రిజ్ మీద మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టిపారేశాం. మా ఆవిడ ఒక క్లినిక్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. వాళ్ళు జీతం కవర్లో పెట్టి ఇచ్చేవాళ్ళు. బతిమాలి, బామాలి, దాన్ని ఖాతాలో వేయించుకుంది. ఆదివారాలు నేను బయట చేసుకునే పని డబ్బు సోమవారం పొద్దున్నే బాంకులో పడిపోవాలి. మాకు స్కోరని ఒకటుంటుందని, అది ఏడువందల యాభై దాటాలని తెలిశాక, మా పాప లెక్కల్లో ఎన్ని తెచ్చుకుందో అడగడం కూడా మానేశాం. పాప బూట్లు నోరు తెరిస్తే "ఈ నెల ఖాతాలో ఖర్చు కనపడకూడదు" అన్నాను. అక్క మందపాటి సూదితో వాటిని కుట్టిపెట్టింది. కుట్టు కనబడకుండా ఎలా కుట్టిందో మరి, బడిలో ఎవరూ కనిపెట్టలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం జిరాక్సు దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. పదకొండు పేజీలు. గదిలో చాప మీద ముగ్గురం కూర్చుని, ఒక్కో గడీ నింపుతూ వస్తున్నాం. నాలుగో పేజీలో ఒక ప్రశ్న, 'మీ సంపాదనపై ఆధారపడినవారు ఎందరు?' అని. ఆలోచించనైనా లేదు, రెండు అని వేశాను. పాప, అక్క.

జిరాక్సు ఫోన్లో ఏవో అంకెలు నొక్కి నాలుక చప్పరించాడు.

"అన్నా, ఇద్దరంటే కుదరదే."

"ఏం కుదరదు?"

"తలకింత ఖర్చని బాంకువాళ్ళు ముందే మీ జీతాల్లోంచి కోసేస్తారు. ఇద్దర్ని కోస్తే ఫ్లాటుకి కావాల్సినంత రాదు. పదో వంతు తక్కువ పడుతుంది. ఒక తల తగ్గిందనుకో, సరిగ్గా సరిపోతుంది."

"తలలు లెక్కపెట్టడానికి మేమేమన్నా మేకలమా?" అంది మా ఆవిడ.

"అయ్యో మేడమ్, కాగితం మీది మాట. పాపని తీయలేం, బర్త్ సర్టిఫికెట్ పెట్టేశాం. మరి అక్కగారివి ఫైల్లో ఏ కాగితాలూ లేవు కదా…" అని మిగతాది నాకు వదిలేశాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. "వదినని ఒక్క మాట అడుగుదామండీ."

"అడగడానికేముంది? ఇల్లెవరి కోసం? ఆవిడ కోసమేగా!" అని కసిరాను. రెండుని కొట్టేసి ఒకటి వేశాను. "కొట్టివేతలుంటే ఒప్పుకోరన్నా" అంటూ జిరాక్సు సంచిలోంచి తెల్లటి కొత్త పేజీ తీసిచ్చాడు. అందులో తిరిగి రాశాను. ఒకటి.

అప్పుడే అక్క టీ గ్లాసులు పట్టుకొచ్చి మా మధ్య పెట్టి వెళ్ళింది. విన్నదో లేదో నాకు తెలియదు. ఆ ఇంట్లో వినకుండా ఉండాలంటే చెవుల్లో దూది పెట్టుకోవాలి.

పది రోజుల తర్వాత జిరాక్సు ఫోన్ చేశాడు. బాంకు తరఫున ఒకతను ఇల్లు చూడటానికి వస్తాడట. ఇంట్లో ఎవరెవరుంటున్నారో రాసుకుంటాడట. "అక్కగారిని ఆ పూటకి ఎటైనా పంపించెయ్యన్నా. లేదా చుట్టపుచూపుగా వచ్చిందని చెప్పించు."

ఎటు పంపిస్తాను? మేం తప్ప ఆవిడకి ఎవరున్నారు గనక? ఇక మిగిలింది చుట్టాన్ని చేయడమే.

ఆ సాయంత్రం అక్క వసారాలో కూర్చుని పాప యూనిఫారానికి గుండీ కుడుతోంది. నేను పక్కన చతికిలబడి నీళ్ళు నమిలాను. చివరికి చెప్పాను.

"అంటే, నేను లేనని రాశావా?" అంది.

"లేవని కాదక్కా. మా మీద ఆధారపడి లేవని. ఆ మాట నీకు గౌరవమేగా!" అని ఓ వెర్రినవ్వు నవ్వాను.

"పడలేదా మరి?"

"పడ్డావు. అంటే… అదంతా ఎందుకు, కాగితం మీద పడలేదు. గది నీకు రావాలంటే ఇదొక్కటే దారి."

అక్క దారం పంటితో కొరికింది. "నాకు అబద్ధం చెప్పడం చేతకాదురా."

"అబద్ధమేంటి, రెండు నిమిషాల మాట."

నాకు తెలుసు, ఆవిడకి రెండు నిమిషాల మాటలుండవు. ఫ్యాక్టరీలో చెకింగ్ వాళ్ళకి ఒక్కొక్కళ్ళకీ ఒక నంబరు ముద్ర ఉండేది. అక్కది పదిహేడు. చొక్కా మీద పదిహేడు పడిందంటే పైవాళ్ళు ఇక తిరగేసి చూసేవాళ్ళు కాదు. ఒకసారి పొరపాటున భుజం కుట్టు వంకరపోయిన చొక్కా మీద ముద్ర వేసేసింది. ఆ సిరా చెరిగేది కాదు. ఎవరూ చూడలేదు, ప్యాకింగ్ డబ్బాలో పడేస్తే ఎవరికీ తెలిసేదీ కాదు. అయినా బస్సు వదులుకుని కూర్చుని, కుట్టంతా ఊడదీసి, తిరిగి కుట్టి పెట్టి, చీకటి పడ్డాక ఇంటికి నడిచొచ్చింది. "ముద్ర పడ్డాక ముద్ర మారదురా, చొక్కానే మార్చాలి" అంది నేను అడిగితే. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఆకలేస్తోందని విసుక్కున్నాను.

సరే, రిహార్సలు మొదలుపెట్టాం. పాప నా కళ్ళజోడు పెట్టుకుని బాంకాయన అయింది.

"మీరెవరండీ?" అంది గొంతు బరువు చేసి.

అక్క నా వైపు చూసింది.

"నా వైపు చూడకక్కా! వాడికి అనుమానం రాదూ?"

"ఈ అబ్బాయికి అక్కనండి" అంది అక్క మెల్లగా. "చూసిపోదామని వచ్చాను."

పాపకి నవ్వాగలేదు. "అత్తా, నువ్వు చుట్టానివా? చుట్టాలైతే చాక్లెట్లు తెస్తారుగా, ఏవీ?" అంది. నేనూ నవ్వాను. మా ఆవిడ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం మధ్యాహ్నం అతను వచ్చాడు. బక్కపల్చటి మనిషి, రెయిన్‌కోటు మీంచి నీళ్ళు కారుతున్నాయి. పాపం మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచి, తలుపుకి, నంబరుకి, గదికి, నాకు ఫొటోలు తీశాడు. మా జీతాలడిగాడు, ఎన్నేళ్ళనుంచి ఉంటున్నామో అడిగాడు.

"ఇంట్లో ఎంతమందండీ?"

"ముగ్గురం."

వసారాలో కుర్చీలో అక్క కూర్చునుంది. పక్కన ఒక సంచి. తన చీరలన్నీ మడిచి అందులో పెట్టుకుని పైన తువ్వాలు కప్పింది. ఆ సంగతి నేను చెప్పలేదు, తనకే తోచింది. భలే ఆలోచన చేసిందే అనుకున్నాను. సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దుంటుందంటారు, నాకైతే ఆ రోజు కనిపించలేదు.

"ఈవిడ?"

"ఈ అబ్బాయికి అక్కని బాబూ. చూసిపోదామని వచ్చాను" అంది అక్క. నా వైపు చూడలేదు.

"ఎన్నాళ్ళుంటారమ్మా?"

ఆ ప్రశ్న మా రిహార్సల్లో లేదు. ఎవడైనా ఊరికే మర్యాదకి అడిగే మాట అది.

"ఎల్లుండి పొద్దున్న వెళ్ళిపోతాను" అంది అక్క.

అతను రాసుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, "కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాడు. అలవాటు కొద్దీ అక్కే లేచింది. నాకు చచ్చినంత పనైంది. వంటింటి గడప దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయింది. లోపలున్న మా ఆవిణ్ణి అడిగింది:

"అమ్మాయ్, గ్లాసులెక్కడుంటాయి?"

తొమ్మిదేళ్ళు ఆ వంటింట్లో వండింది. కరెంటు పోతే మాకు చీకట్లో ఏ డబ్బా ఎక్కడుందో చెప్పేది ఆవిడే. మా ఆవిడ గ్లాసు తీసి చేతికివ్వలేకపోయింది. గట్టు మీద పెట్టి మొహం తిప్పుకుంది. అక్క తీసుకుని, నీళ్ళు ముంచి, అతనికి ఇచ్చింది.

అతనలా వీధి మలుపు తిరిగాడో లేదో, నేను చప్పట్లు కొట్టాను. "అక్కా! సినిమాల్లో వేషాలకి పనికొస్తావే నువ్వు! అయిపోయింది, గది నీదే ఇక!" అన్నాను. అక్క ఆ గ్లాసు కడిగి బోర్లించింది. మా ఆవిడ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆవిడ అలకని నేను లెక్కచేసే స్థితిలో లేను.

శనివారం పొద్దున నేను పనికి బయల్దేరబోతుంటే, అక్క తల దువ్వుకుని, ఆ సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"ఎల్లుండి వెళ్తానని చెప్పానుగా ఆ అబ్బాయితో."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. అప్పుడు తెలిసింది. శుక్రవారమంతా ఆవిడ ఫోను పట్టుకుని కూర్చుంది. ఫ్యాక్టరీలో తనతో పనిచేసినావిడ ఒక ఇల్లు చెప్పిందట. రిటైరైన టీచరమ్మ, మోకాళ్ళు పనిచేయవు, కూడా ఉండి చూసుకునే మనిషి కావాలి.

"నీకేమన్నా మతిపోయిందా? వాడు రాసుకుపోయాడు, మళ్ళీ రాడు! ఎవడు చూస్తాడు నువ్వున్నావో పోయావో?"

"ఎవడు చూడాలిరా? నా నోటితో చెప్పాను. వెళ్తాను."

"నీ గది కోసం ఇంత చేస్తే, నా మొహాన ఉమ్మేసి పోతావా?" అని అరిచాను. అలాంటి మాట మా అక్కతో ఎప్పుడూ అనలేదు. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

అక్క సంచి కింద పెట్టి, నా చొక్కా కాలరు ఒక పక్క మడత పడి ఉంటే సరిచేసింది. "అరవకు. పనికి ఆలస్యమవుతుంది" అంది. పాప ఆవిడ నడుం పట్టుకుని వదల్లేదు. మా ఆవిడే మెల్లగా విడదీసి, గొడుగు పట్టుకుని బస్టాపు దాకా వెళ్ళి దిగబెట్టి వచ్చింది. నేను కావాలని వెళ్ళలేదు. వారం తిరిగేసరికి తనే వస్తుందిలే అనుకున్నాను.

రాలేదు. వానలు వెనకబట్టాయి. ఫోన్ చేస్తే మాట్లాడేది, పాప చదువడిగేది, మా ఆవిడ నడుంనొప్పి అడిగేది. "ఎప్పుడొస్తావు" అంటే "చూద్దాంలే" అనేది. వసారాలో మడతమంచం అలాగే మడిచి ఉంది. జల్లు కొట్టినా దాన్ని లోపలికి తెచ్చే పని లేదు ఎవరికీ.

వానాకాలం చివర్లో లోన్ మంజూరైంది. సంతకాలకి బాంకుకి వెళ్ళాం. ఆఫీసరు మేడమ్ పేజీలు తిప్పుతూ వేలితో చూపిస్తోంది, మేం సంతకాలు పెడుతున్నాం. నాలుగో పేజీ వచ్చింది. నా చేయి ఆగింది.

"మేడమ్, ఒకటడగనా? మా అక్క ఉందండీ. ఇక మీదట మాతో ఉంటుంది. దాంతో ఏమన్నా ఇబ్బందా?" అన్నాను. చూశారా, సొంత అక్కని ఇంటికి తెచ్చుకోవడానికి బాంకుని పర్మిషన్ అడుగుతున్నాను.

ఆవిడ నవ్వింది. "మీ ఇంట్లో ఎవరుంటే మాకెందుకండీ?"

"అంటే… ఆధారపడినవాళ్ళలో ముందు రాయలేదని."

"రాయక్కర్లేదు. భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, అంతే మా లెక్క. అక్కలూ చెల్లెళ్ళూ అందులోకి రారు."

"రాస్తే?"

"రాసినా మేం తీసేసేవాళ్ళం. మీకు ఇదే అప్పు వచ్చేది. ఇక్కడో సంతకం."

పెట్టాను. పక్కన మా ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. మళ్ళీ తీసుకోవడానికి కాసేపు పట్టింది. బయటికొచ్చి మెట్ల మీదే జిరాక్సుకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా విని, "బాంకు బాంకుకీ రూలు మారుతుందన్నా, నాకు మాత్రం ఏం తెలుసు? లోనొచ్చింది కదా, పార్టీ ఎప్పుడు?" అన్నాడు. వాణ్ణి తిట్టి ఏం లాభం? వాడు అక్కని కొట్టేయమన్నాడు, కొట్టేసింది నేను.

మా ఆవిణ్ణి ఇంటికి పంపించి అటునుంచి అటే టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. నాలుగో అంతస్తు. అక్క నన్ను హాల్లో కూర్చోబెట్టి, ఎదురుగా చిన్న బల్ల మీద టీచరమ్మ మాత్రలు పూటకి పూట విడదీసి పెడుతోంది. దాని వెనక ఒక గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఒంటి మంచం మీద అక్క దుప్పటి కనిపించింది.

నేను ఆయాసంగా, పెద్ద శుభవార్త మోసుకొచ్చినవాడిలా చెప్పాను.

"అక్కా, ఆ గడిలో నిన్ను రాసినా అప్పు వచ్చేదట. తోబుట్టువుల్ని బాంకువాళ్ళు అసలు లెక్కే పెట్టరట! ఆ జిరాక్సు వెధవ మాట విని ఊరికే… అంతా ఊరికే జరిగింది. ఇక గొడవే లేదు. గదికి రంగులేయిస్తున్నాను. పద."

అక్క చేతిలో మాత్ర చేతిలోనే ఉంది. కోపం లేదు ఆవిడ మొహంలో. కోపం ఉంటే బావుండేది, కాళ్ళ మీద పడేవాణ్ణి.

"వాళ్ళు లెక్కపెట్టరంటే సరేరా. వాళ్ళకి నేనెవర్నో తెలియదు" అంది. "నీకు తెలుసు కదా."

ఏడ్చాను, దాచుకోవడం దేనికి. ఆవిడ నా తల నిమిరింది, చిన్నప్పుడు నిమిరినట్టే. పక్క గదిలోంచి టీచరమ్మ పిలిచింది. అక్క మాత్రా, గ్లాసూ తీసుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఉంటావా కాసేపు, వెళ్తావా?" అంది.

పుట్టినప్పట్నుంచీ నన్ను ఆ మాట అడిగి ఎరగదు మా అక్క.

"వెళ్తానక్కా" అన్నాను.